తెల్లకొంగ డాలు

ఆత్మల పండుగనాటి అసుర సంధ్య...!

చలికాలం గడపలో ఉరుము ఉరమకూడదు. ఆ సాయంత్రం ఉరిమింది. కొండ గుండె పగులుతోందా అన్నంత ఘోరంగా, ఆగి ఆగి ఉరిమింది! కొండ కింద మా ఊళ్ళో ప్రతి కిటికీలోనూ పోయినవాళ్ళ కోసం రొట్టె పెట్టి, దీపం వెలిగించి, తలుపులు బిగించుకున్నాం. ఆ రాత్రి ఆత్మలు ఇళ్ళకు వస్తాయి. తిని, చలి కాచుకుని, తెల్లారేలోగా వాటి దారిన అవి పోతాయి. వచ్చినవాళ్ళను పలకరించకూడదు. ఉండమని అసలే అడగకూడదు. ఈ సంగతి మా ఊళ్ళో పాలుతాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు. కొండ మీది దొరకూ తెలుసు. తెలిసీ చేశాడు, అదే మా బాధ.

ఆ వేళకు ఐబెన్‌ఫెల్స్ కోటలో, ప్రార్థనాలయం కింది నేలమాళిగలో, ముసలి ఎర్కింగర్ దొర మోకాళ్ళ మీద కూర్చుని తన కొడుకు శవపేటిక మూత తెరుస్తున్నాడు...!

తుప్పుపట్టిన చీలలు కీచుమన్నాయి. పైన ప్రార్థనాలయం చూరులో గుడ్లగూబ కర్ణకఠోరంగా కూసింది. రెండేళ్ళ కిందట తన చేతులతో పడుకోబెట్టిన బిడ్డ... ఇప్పుడు ఎముకల పోగు! దొర కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి లోపల పెట్టాడు. చల్లటి కపాలం చేతికి తగిలింది. కొవ్వొత్తి వెలుగులో దాన్ని ఎత్తి చూశాడు. పైవరసలో ముందు పన్ను సగం విరిగి ఉంది. ఏడేళ్ళప్పుడు గడ్డిబొమ్మను ఈటెతో పొడవడం నేర్చుకుంటూ, పొట్టిగుర్రం మీంచి పడి విరగ్గొట్టుకున్న పన్ను. అప్పటినుంచి డీపోల్ట్ ఏం మాట్లాడినా మాటల మధ్య సన్నగా ఈల వినపడేది. ముసలాయన ఆ పన్నును బొటనవేలితో తడిమాడు. అంతవరకు ఆపుకున్న ఏడుపు కట్ట తెంచుకుంది.

"ఏడవకండి దొరా, దీపం ఆరిపోతుంది," అన్నాడు మెట్ల మీంచి వెల్టిన్. "తీసుకురండి. అబ్బాయి ఎదురుచూస్తున్నాడు."

ఈ వెల్టిన్ కోతల కాలంలో మా దారిన వచ్చాడు. ఒకప్పుడు మఠంలో చదువుకున్నాడు. చదవకూడనివి చదివాడని అక్కడివాళ్ళు ఒక చెవి కోసి బయటికి గెంటారు. ఊరిబావి దగ్గర మమ్మల్ని నీళ్ళడిగితే పోశాం. ఆ రోజు ముంత విసిరి మొహాన కొట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాం.

ఇంతకీ మా దొర చెడ్డవాడా అంటే, కాదు. చిన్నప్పుడే ఇల్లు వదిలి, పరాయి కోటలో గిన్నెలు అందిస్తూ, గుర్రాలు తోముతూ పెరిగాడు. మీసం మొలవకముందే బిషప్పు తరఫున యుద్ధానికి వెళ్ళాడు. ఈటెల పోటీలో ఎడమ భుజం విరిగింది. డాలు పట్టే ఆ చెయ్యి మళ్ళీ ఎన్నడూ భుజం దాటి పైకి లేవలేదు. భార్య రెండో కాన్పులో పోతే మారుపెళ్ళి చేసుకోలేదు. కోట కప్పు కారేది. చలికాలమంతా ఒక్క గదిలో, ఒక్క పొయ్యి చుట్టూ దొర, కూతురు ఒటిల్యా, కొడుకు డీపోల్ట్, వంటమనిషి మెట్జా, నాలుగు వేటకుక్కలు ముడుచుకుని ఉండేవాళ్ళు. మేం తినే క్యాబేజీ పులుసే వాళ్ళూ తినేవాళ్ళు. మాకూ వాళ్ళకూ ఉన్న తేడా అల్లా పొయ్యి పైన గోడకు వేలాడే డాలు. ఎర్రటి రంగు మీద తెల్లకొంగ. ఆ డాలే ఆయన ఆస్తి, పరువు, ప్రాణం.

కుర్రతనంలో ఆయన పొరుగు కోట దొర అంత్యక్రియలకు వెళ్ళాడు. ఆ దొరకు కొడుకుల్లేరు. వంశంలో ఆఖరి మగవాడు పోతే మా దేశంలో ఒక తంతు ఉంది. ముందుగా ఆ తంతు నడిపే దూత శవం ముక్కు దగ్గర ఈక పెట్టి, అది కదలడం లేదని అందరికీ చూపిస్తాడు. తర్వాత ఆ ఇంటి డాలును తలకిందులు చేసి, సుత్తితో మూడు దెబ్బల్లో పగలగొట్టి, గోతిలో పడేసి, ఆ ఇంటిపేరు పైకి చెప్పి అంటాడు: "ఇవాళ్టిదాకా ఉంది. ఇక ఎన్నడూ లేదు." ఈక ఎందుకంటే, ఊపిరి ఉండగా ఆ మాట పడితే ఆ ఇంటిపేరు మోస్తున్న మగవాణ్ణి భూమి బతికుండగానే లాక్కుంటుంది. కూతుళ్ళకు ఆ భయం లేదు. ఆడపిల్లకు డాలు రాదు, డాలుతో వచ్చే చావూ రాదు. ఆ రోజు తంతు అయ్యాక పొరుగు దొర కూతురు ఒక మూట చంకన పెట్టుకుని కోట గుమ్మం దాటి వెళ్ళిపోయింది. ఎవరూ ఆమె వైపు చూడలేదు.

ఆ మూడు దెబ్బల చప్పుడు ఎర్కింగర్ చెవుల్లో జీవితాంతం మోగుతూనే ఉంది. చేపల మడుగు దగ్గర గట్టు తగువులో పనికిమాలిన బాణం ఒకటి వచ్చి డీపోల్ట్ గొంతులో దిగిన రోజున, కొడుకు కోసం ఎంత ఏడ్చాడో ఆ డాలు కోసం అంతే ఏడ్చాడు. పక్కన నిలబడ్డ కూతురు అది చూసింది. చిన్నప్పటినుంచీ ఒటిల్యా ఇలాంటివి చూసీచూడనట్టు ఊరుకునేది. నువ్వు మగపిల్లాడివై ఉంటే బాగుండేది కదే అని తండ్రి ఎన్నిసార్లన్నాడో ఆమె లెక్కపెట్టుకోలేదు.

అలాంటి మనిషికి వెల్టిన్ చెప్పాడు... కపాలం తెస్తే ఆత్మ వస్తుందని! ఆత్మ నిలవడానికి అదే రక్తం పంచుకున్న ఒక శరీరం కావాలని!

"నాకేం భయం లేదు నాన్నా," అంది ఒటిల్యా, తండ్రి నీళ్ళు నములుతూ విషయం చెప్పాక. "వాణ్ణి ఎత్తుకుని పెంచాను, నోరు అరువివ్వలేనా? ఒక్కసారి వాడి గొంతు వింటే చాలు."

ఆ రాత్రి పొయ్యి ముందు డాలును నేల మీద వెల్లకిలా పరిచారు. తెల్లకొంగ మీద కపాలం పెట్టారు. వెల్టిన్ చుట్టూ బొగ్గుతో వలయం గీసి, నల్లకోడి నెత్తురు చిలకరించి, ఏ గుడిలోనూ వినపడని భాషలో ఆవాహన మొదలుపెట్టాడు. వేటకుక్కలు తోకలు ముడిచి గోడకు కరుచుకున్నాయి. పొయ్యిలో మంట నీలంగా మారింది... సన్నబడింది... నేలకు అణిగింది! కుర్చీలో కూర్చున్న ఒటిల్యా మెడ వెనక్కి విరుచుకుపడింది. కళ్ళలో నల్లగుడ్లు మాయమయ్యాయి. తెరిచిన నోట్లోంచి తెల్లటి ఆవిరి, దాని వెనక సన్నగా ఒక ఈల...!

"అక్కా, కొంచెం జరుగు. ఇరుగ్గా ఉంది."

వాడే. వాడి వెటకారమే. ముసలాయన నేల మీద కూలబడ్డాడు.

"నాన్నా, నన్నెందుకు లేపావు? చలేస్తోంది."

"ఉండరా డీపోల్ట్... పోకు. ఉండిపో."

అడగకూడని మాట అడిగేశాడు! దూరంగా కొండ లోయలో మళ్ళీ ఉరిమింది.

ఆ తర్వాత రోజూ పొద్దుగూకగానే అదే తంతు. పిల్లవాడి గొంతు వినకపోతే దొరకు ముద్ద దిగేది కాదు. వాడు మాత్రం ఒక్కటే పాట, నన్ను పోనీ నాన్నా, పోనీ. తండ్రి వినేవాడు కాదు. రేపు, ఎల్లుండి అంటూ నచ్చచెప్పేవాడు. ఒటిల్యా జుట్టు చెవుల దగ్గర నెరిసింది. పగటిపూట కూడా నోటినుంచి ఆవిరి వచ్చేది. పొయ్యి పక్కనే కూర్చున్నా ఆమె వేళ్ళు మంచుముక్కల్లా ఉండేవి. మెట్జా కాచి ఇచ్చిన పాలు గ్లాసు పెదవుల దాకా వెళ్ళేసరికి విరిగిపోయేవి.

మెట్జా ఆ కోటలో ఇద్దరు పిల్లలకూ పురుడు పోసిన మనిషి. ఒకరోజు చేతిలో గరిటెతోనే దొర ముందుకు వచ్చింది. ఇలా చెయ్యద్దని పద్ధతిగా చెప్పి చూసింది. మందలించింది. దొర మొహం తిప్పుకున్నాడు.

"దొరా, పోయినవాడు పోయాడు. ఉన్నదాన్ని చూసుకోండి. ఈ పిల్ల మీ కళ్ళకి ఎన్నడన్నా ఆనిందా?"

దొర ఆమెను వంటింట్లోకి పొమ్మన్నాడు. పోయింది. కానీ ఆ మాట ఆయన గుండెలో ముల్లులా ఉండిపోయింది.

క్రిస్మస్ ముందు రోజుల్లో వెల్టిన్ అసలు బేరం బయటపెట్టాడు. గొంతు వినడం ఎన్నాళ్ళు, పిల్లవాణ్ణే తిరిగి పుట్టిస్తానన్నాడు. ఒటిల్యాను తనకిచ్చి పెళ్ళిచేస్తే ఆమె కడుపున డీపోల్ట్ మళ్ళీ పుడతాడు. అయితే పుట్టేవాడికి ఐబెన్‌ఫెల్స్ పేరుండాలంటే ముందు ఆ పేరు తండ్రికి ఉండాలి. కాబట్టి తనను దత్తత తీసుకోవాలి. పూర్వీకుల సమాధుల మధ్య, డాలు మీద ఇద్దరి నెత్తురూ కలిపి, మూడుసార్లు కొడుకా అని పిలవాలి. రాబోయే సూర్యగ్రహణం నాడే ముహూర్తం.

డాలు పగలదు... పేరు పోదు... పిల్లవాడు వస్తాడు! మునిగిపోయేవాడికి అంతకన్నా ఏం కావాలి? దొర ఒప్పుకున్నాడు. ఒటిల్యాను అడిగినా బదులిచ్చేంత స్పృహ అప్పటికి ఆమెలో లేదు.

గ్రహణం రోజు మిట్టమధ్యాహ్నం...!

మంచు కప్పిన కొండ మీద వెలుగు మొదట పసుపుపచ్చగా, తర్వాత బూడిదరంగుగా మారింది. కోళ్ళు గూళ్ళకు చేరాయి. పట్టపగలు గుడ్లగూబలు కోట చుట్టూ ఎగురుతూ వికృతంగా అరిచాయి. మా ఊరి గుడిగంట దానంతట అదే ఒక్కసారి మోగి ఆగిపోయింది. మేమంతా మోకాళ్ళ మీద పడ్డాం.

కోట నేలమాళిగలో ఎనిమిది తరాల ఐబెన్‌ఫెల్స్ వీరులు రాతిపలకల కింద నిద్రపోతున్నారు. ఒక పలక మీద ఒటిల్యాను పడుకోబెట్టారు. ఆమె గుండెల మీద తమ్ముడి కపాలం. పక్కన డాలు, దానిమీద కత్తి. ఎర్కింగర్ అరచెయ్యి కోసుకున్నాడు. వెల్టిన్ కోసుకున్నాడు. నెత్తురు తెల్లకొంగ రెక్కల మీద కలిసి పారింది. పూర్వీకులు వింటుండగా దొర మూడుసార్లు కొడుకా అన్నాడు.

"నేను ఐబెన్‌ఫెల్స్ వాణ్ణి!" అన్నాడు వెల్టిన్. "ఈ నెత్తురు సాక్షి, ఈ డాలు సాక్షి. ఈ పేరు నాది, ఇది మోసినవాళ్ళంతా నావాళ్ళు. లేవండి!"

రాతిపలకల కింద ఏదో గీరుకుంటున్న శబ్దం... ఒకచోట కాదు, అన్నిచోట్లా! పలకల సందుల్లోంచి తెల్లటి పొగ లేచింది. పొగలో శిరస్త్రాణాలు... వాటిలో కళ్ళు లేని చీకట్లు... మౌనంగా నిలబడ్డ ఎనిమిది ఆకారాలు! తమ డాలు సాక్షిగా ఎవరు పిలిస్తే వాళ్ళ మాట వినడం తప్ప వాళ్ళకు బతుకులోనూ వేరేది తెలియదు, చావులోనూ తెలియదు.

వెల్టిన్ నవ్వాడు. ఇన్నాళ్ళూ వంచుకున్న నడుం నిటారయింది.

"పెళ్ళేంటి దొరా, పిల్లాడేంటి? చచ్చినవాళ్ళ సైన్యం కావాలి నాకు, దొరికింది. వాళ్ళు పగటిపూట నడవాలంటే ఒక ప్రాణం ఇంధనంగా కాలాలి. సూర్యుడు మళ్ళీ కనిపించేసరికి నీ కూతురు ఉండదు."

ఎర్కింగర్ కత్తి దూశాడు. శక్తినంతా కూడదీసుకుని వాడి మెడ మీద వేటు వేశాడు. ఆ వేటు గాలిలోనే ఆగిపోయింది... కత్తిని పట్టుకున్నది ఇనుప తొడుగులో ఉన్న ఒక ఎముకల చెయ్యి! ఆ తొడుగు ఆయన గుర్తుపట్టాడు. తన సొంత తండ్రిది. కత్తి ఖంగుమని నేల మీద పడింది.

పలక మీద ఒటిల్యా వణుకుతోంది. ఆమె నోట్లోంచి ఈల వినిపించింది.

"నాన్నా, అక్క పోతోంది. నేను పట్టుకుంటున్నా, ఆగట్లేదు. నాకు అక్కర్లేదు నాన్నా... అక్కని చూడు."

అప్పుడు చూశాడు ఎర్కింగర్ తన కూతుర్ని. బతుకులో మొదటిసారి సరిగ్గా చూశాడు. చెవుల దగ్గర నెరిసిన జుట్టు. తమ్ముడికి గంజి తాగించిన చేతులు. అడిగిందల్లా ఇచ్చి, ఒక్కటీ అడగని పిల్ల. ఆడపిల్లవై పుట్టావు, డాలు మొయ్యలేవని ఎన్నేళ్ళు దెప్పాడో ఆయనకు ఒక్కసారిగా గుర్తుకొచ్చింది.

డాలు మొయ్యదు. నిజమే, మొయ్యదు! ఈ నేలమాళిగలో ఊపిరి ఉన్నవాళ్ళు ముగ్గురు. వాళ్ళలో ఐబెన్‌ఫెల్స్ పేరు మోస్తున్న మగవాళ్ళు ఇద్దరే.

ముసలాయన వంగి డాలు అందుకున్నాడు. పేటిక మూత తెరవడానికి తెచ్చిన సుత్తి ఇంకా కొడుకు సమాధి పక్కనే ఉంది. అదీ అందుకున్నాడు. వెల్టిన్‌కు మొదట అర్థం కాలేదు. డాలు తలకిందులవడం చూసి వాడి మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఆగు! అది నీకూ చావే!"

"ఔను," అన్నాడు ఎర్కింగర్.

మొదటి దెబ్బకు కొంగ మెడ విరిగింది. ఎనిమిది ఆకారాలూ ఒక్కసారిగా దొర వైపు తిరిగాయి. తండ్రి ఆకారం ఇనుప చేతిని చాచింది... చాచి, ఆపుకుంది. కొడుకు చేస్తున్నదేమిటో ఆయనకు తెలుసు. రెండో దెబ్బకు డాలు నిలువునా చీలింది. వెల్టిన్ మెట్ల వైపు పరుగెత్తాడు. మెట్లు వాడి కాళ్ళ కింద గోతిమట్టిలా జారిపోయాయి. మంత్రాలు చదివాడు, నోట్లోంచి మన్ను రాలింది. నేను ఈ ఇంటివాణ్ణి కాదు, నాకీ పేరు వద్దు అని మొత్తుకున్నాడు. చేతి మీద నెత్తురు ఇంకా ఆరలేదు. ఆ నెత్తురు సాక్షి, ఆ డాలు సాక్షి. వాడు అన్న మాటే!

మూడో దెబ్బకు డాలు రెండు ముక్కలయింది. నలభై ఏళ్ళుగా భుజం దాటి లేవని ఎడమ చెయ్యి ఇప్పుడు లేచింది. విరిగిన డాలు ముక్కలను తల పైకి ఎత్తి, తెరిచే ఉన్న కొడుకు గోతిలోకి విసిరి, ఎర్కింగర్ ఆ మాట అన్నాడు. ఏ మాటకు భయపడి బతుకంతా బతికాడో ఆ మాటే, తన నోటితో తనే.

"ఐబెన్‌ఫెల్స్. ఇవాళ్టిదాకా ఉంది... ఇక ఎన్నడూ లేదు."

భూమి నోరు తెరిచింది...! రాతిపలకలు ఆకుల్లా లేచి పడ్డాయి. ఎనిమిది జతల చేతులు వెల్టిన్‌ను కాళ్ళ దగ్గర, నడుం దగ్గర, జుట్టు దగ్గర దొరకబుచ్చుకున్నాయి. వాడి ఆఖరి కేక కొండ కింద మాకు వినపడింది. బండ మీద బండ పడ్డ చప్పుడుతో అది మధ్యలో తెగిపోయింది. ఆ కేక తలచుకుంటే ఇప్పటికీ మాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది, జాలి మాత్రం కలగదు.

ఎర్కింగర్‌ను ఎవరూ లాగలేదు. పాదాల కింద నేల మెత్తబడుతుంటే ఆయన తొందరపడకుండా పలక దగ్గరికి నడిచాడు. కూతురి గుండెల మీంచి కపాలం తీసుకుని సందిట్లో పెట్టుకున్నాడు. ఒటిల్యా కళ్ళు తెరిచింది. కళ్ళలోకి నల్లగుడ్లు తిరిగి వచ్చాయి. తండ్రి వైపు చెయ్యి చాచింది.

"నీకు చలేస్తుందమ్మా," అని దొర తన గొంగళి తీసి ఆమె మీద కప్పాడు. "లేచి మెట్జా దగ్గరికి వెళ్ళు. వెనక్కి చూడకు."

ఆమె చూసింది. తండ్రి మాట ఆమె విననిది అదొక్కసారే. ముసలాయన కొడుకు గోతిలోకి మెల్లగా దిగి, అటూ ఇటూ సర్దుకుని, కపాలాన్ని పక్కన పెట్టుకుని పడుకున్నాడు. సన్నటి ఈల ఒకటి వినిపించి ఆగిపోయింది. పలక దానంతట అదే మూసుకుంది. పైన, చిన్న కిటికీలోంచి, సూర్యుడి మొదటి కిరణం లోపల పడింది.

మెట్జా ఆమెను వీపున మోసుకుని పైకి తెచ్చింది. వారసులు లేని కోట కాబట్టి వసంతంలో బిషప్పు మనుషులు వచ్చి తాళాలు తీసుకున్నారు. ఒటిల్యా ఒక మూట చంకన పెట్టుకుని, తండ్రి గొంగళి కప్పుకుని గుమ్మం దాటింది. ఈసారి మేం తలలు తిప్పుకోలేదు. ఊరు ఊరంతా దారికి రెండువైపులా నిలబడ్డాం. మాలో కొందరు ఏడ్చాం కూడా.

ఆమె మా ఊళ్ళోనే, మెట్జా చెల్లెలి ఇంట్లో ఉండిపోయింది. ఉన్ని వడికేది. ఏటా ఆత్మల పండుగకు కిటికీలో రెండు రొట్టెలు పెట్టి, వచ్చినవాళ్ళను పలకరించకుండా, ఉండమని అడగకుండా, చీకట్లో గోడ వైపు తిరిగి కూర్చునేది. తెల్లారేదాకా ఆమె భుజాలు కదులుతూనే ఉండేవి.

ఒక ఏడు పన్నుల లెక్క రాసుకునే గుమస్తా ఊళ్ళోకి వచ్చి, ఇల్లిల్లూ తిరుగుతూ ఆమె పేరడిగాడు. ఒటిల్యా అంది. ఏ ఇంటి ఒటిల్యావని మళ్ళీ అడిగాడు. ఆమె కదురు ఆపి, గొంగళిని భుజాల మీదికి లాక్కుంది.

"ఇంటిపేరు మా నాన్న తీసుకుపోయాడండీ," అంది. "నన్ను ఉంచాడు."